ఉబ్బిన బస్తాలు

యురేనియం మిల్లు గేటు దగ్గర దిగేసరికి ఏజెంటు చేతిలో ఉన్న సరుకు ఇంతే: అతికించిన మీసం, ఖనిజాల వ్యాపారినని చెప్పే దొంగ కార్డు, మైక్రోఫోన్ దాచిన పెన్ను. ఆ పెన్నుతో రాయడం మాత్రం కుదరదు. డిపార్టుమెంటు తెలివి అలా ఏడిసింది. మూడో ట్రయల్ మొదలవడానికి గడువు నలభై నిమిషాలు.

పొద్దున బ్రీఫింగులో చీఫ్ తేల్చి చెప్పాడు.

"రాతిపొడిని యాసిడ్‌లో నానబెడితే చాలదు. ఆక్సిడైజ్ చేస్తేనే యురేనియం పూర్తిగా కరుగుతుంది. మాంగనీసు పొడితో ఆ పని మెరుగుపరిచింది మీ బావ. రెండు ట్రయల్స్ తన్నేశాయి. విదేశీ ముఠా పని. మూడోదీ పోతే కాంట్రాక్టు వాళ్లకి, జైలు మీ బావకి."

"లోపల మనవాళ్లు?"

"ల్యాబ్ మేడమ్. కోడ్, 'పొడి తడిసిందా?'"

యాసిడ్ కంపులోనూ సెంటు గుప్పుమనిపిస్తూ మేడమ్ ఎదురొచ్చింది.

"పొడి తడిసిందా?"

"నా పొడి తడవదు. ప్రతి బస్తా పరీక్షించి నేనే సీలేశాను. మీరు హాయిగా కాఫీ తాగండి."

కాఫీ తాగమని అంతలా బతిమాలితే ఏ వ్యాపారైనా గోదాములోకే వెళతాడు. అతనూ అదే చేశాడు.

గోదామును ఆనుకున్న యాసిడ్ ట్యాంకు మెట్ల మీంచి బావ తొంగిచూశాడు. "ఏం బామ్మర్దీ, ముక్కు కింద ఆ చీపురేంటి?"

"మెల్లిగా బావా! రహస్యంగా వచ్చా."

"ఏడిశావ్. మీ అక్క నిన్నట్నుంచి ముద్ద ముట్టలేదు. అది చూడు ముందు."

ఏజెంటు బస్తాల వరుస చూశాడు. ఈ ఉద్యోగానికి ముందు పదేళ్లు ఖనిజాల కొట్లో బస్తాలు మోసిన వీపు అతనిది.

"ఇవి తూచారా?"

"యాభై కిలోలు. గ్రాము తేడా లేదు."

"తూకం సరే, ఆ పొట్టలేంటి? యాభై కిలోల మాంగనీసుకి బస్తా ఇంత ఉబ్బుతుందా? ఇది బొగ్గుపొడి బావా! పడిందంటే ఆక్సిడేషన్ వెనక్కి నడుస్తుంది."

బావ గబగబా మెట్లు దిగాడు. అప్పటికే బస్తాలు మోసే బెల్టు కదిలింది. మొదటి బస్తా మూతి విప్పుకుని ట్యాంకు వైపు పోతోంది. ఏజెంటు బెల్టు ఆపే మీట వైపు చెయ్యి చాపాడు.

"మీట ముట్టుకోకు!" వెనక మేడమ్. చేతిలో పిస్తోలు. "రెండుసార్లు బొగ్గే పోశాను. ఎవడు కనిపెట్టాడు?"

"ఎంత చదివితే ఏం తల్లీ, ఒక్క బస్తా ఎత్తి చూశావా?" అన్నాడు ఏజెంటు. "నలుపైతే చాలనుకున్నావు. తూకం కలిపితే ఇంకా చాలనుకున్నావు. నిన్ను పంపినవాళ్లు నీకంటే మొద్దులు."

ఆమె కోపంతో అతని వైపు ఒక్క అడుగు వేసింది. బావ నేల కడిగే గొట్టం తిప్పాడు. నీటి దెబ్బకి పిస్తోలు ఒకవైపు, మేడమ్ ఒకవైపు. ఏజెంటు మీట లాగాడు. బస్తా ట్యాంకు అంచు మీద వాలి ఆగింది. పెన్నులోంచి అంతా విన్న గార్డులు పరుగెత్తుకొచ్చారు.

మధ్యాహ్నానికి ట్యాంకులో అసలు మాంగనీసు పొడి పడింది. నూటికి తొంభై నాలుగు పాళ్లు యురేనియం కరిగింది.

చివరికి లెక్క ఇదీ: ట్రయల్ గట్టెక్కింది, బావ ఇంటికెళ్లాడు, అక్క అన్నం తింది. మేడమ్ నోటి నుంచి ముఠాలో ఆరుగురి పేర్లు వచ్చాయి. ముప్పై బస్తాల మేలురకం బొగ్గు ఉచితం. ముఠా మొత్తంలో పనికొచ్చింది అదొక్కటే.