పాటకు ముందు ఊపిరి

మా రేడియో కార్యాలయంలో కింది వసారా చివర ఒక పాటల గది ఉండేది. చీకటి పడ్డాక ఆ వైపు ఎవరూ వెళ్ళేవాళ్ళు కాదు.

పాడుబడ్డ గదేం కాదు. గోడలకి దుప్పటిలాంటి మందపాటి గుడ్డ, నేల మీద తివాచీ, ఒకదాని వెనక ఒకటి రెండు తలుపులు. లోపల పిడుగు పడినా బయటికి వినపడదని కట్టినవాళ్ళ ధీమా. అలాంటి గదిలోంచి రాత్రిళ్ళు ఒక శబ్దం వస్తుందని దానికి చెడ్డపేరు.

పాట కాదు. పాటైతే భయమేముంది? ముప్పై మంది ఒక్కసారిగా ఊపిరి పీల్చిన చప్పుడు. పాట ఎత్తుకోబోయే ముందు పీలుస్తారే... ఆ గుక్క.

అంతే. ఆ తర్వాత పాట రాదు.

"రాకపోతే పోనీలే అని వెళ్ళిపోలేమమ్మా," అనేవాడు మా కాపలా తాత. "మనక్కూడా ఊపిరి బిగుసుకుంటుంది. పాట మొదలయ్యేదాకా వదలబుద్ధి కాదు. అది మొదలవదు... నేనొకసారి అక్కడే కళ్ళు తిరిగి పడ్డాను."

తాతకి సాయంత్రమైతే కాస్త పుచ్చుకునే అలవాటుంది కాబట్టి నేను నవ్వేదాన్ని. అప్పట్లో నేను వార్తలు చదివేదాన్ని. దేన్నీ నమ్మకపోవడం మాకు జీతంతో పాటు వచ్చే జబ్బు.

ఆ గది ఒకప్పుడు మాస్టారిది. బృందగానం నడిపేది ఆయనే, ఆదివారం పొద్దున రేడియోలో మాట్లాడేదీ ఆయనే. "నా బంగారు తల్లులూ, నాన్నలూ, గొంతు కలుపుతారా?" అని ఆయన అడిగితే, ఇళ్ళల్లో పిల్లలు పాలగ్లాసు పక్కన పెట్టి లేచి నిలబడేవాళ్ళట. పెద్దవాళ్ళ సంగతీ అంతే. మా పిన్ని ఆయన గొంతు వస్తుంటే తల దువ్వుకుని మరీ కూర్చునేది, రేడియోలోంచి ఆయనకి కనిపిస్తుందన్నట్టు.

రేడియోలో వినిపించే గొంతు అది. గదిలో వినిపించే మాట ఒకటే — "మళ్ళీ." చెయ్యి పైకెత్తి, కళ్ళు మూసుకుని, విసుగైనా లేకుండా... "మళ్ళీ." ఇంట్లో పిల్లాడికి జ్వరం మాస్టారూ అంటే, "మళ్ళీ." ఎవరైనా ఏడిస్తే, ఏడుపు అయ్యేదాకా ఓపిగ్గా ఆగి, "మళ్ళీ." వెనకాల అందరూ ఆయన్ని మళ్ళీ మాస్టారు అనేవాళ్ళు.

నోట్లో చక్కెర, కడుపులో కత్తెర అంటారు. ఈయనకి చేతిలో కూడా బ్లేడు ఉండేది. పాటలో ఊపిరి వినపడటమంటే ఆయనకి పరమ అసహ్యం. పాట టేపు మీదికి ఎక్కాక, గుక్క ఉన్న ముక్కనల్లా బ్లేడుతో కోసి తీసేసి, మిగతాది అతికించేవాడు. అందుకే ఆ పాటలు వింటే మనుషులు పాడినట్టు ఉండదు. దేవతలు పాడినట్టుందని జనం మెచ్చుకునేవాళ్ళు. అవును మరి, దేవతలకి ఊపిరితో పనేముంది!

మాస్టారు పోయి చాలా ఏళ్ళయ్యాక, ఆయన టేపులన్నీ కంప్యూటర్లోకి ఎక్కించమని పైనుంచి మాట వచ్చింది. దుమ్ము పని కాబట్టి ఎవరూ ముందుకి రాలేదు. ఒక అమ్మాయి మాత్రం కావాలని అడిగి మరీ ఆ పని వేయించుకుంది. మేమంతా టేపులమ్మాయి అనేవాళ్ళం.

ఎందుకడిగిందో నాకే చెప్పింది. వాళ్ళమ్మ ఆ బృందంలో పాడేదట.

"ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లో హడావిడే అక్కా," అంది. "నాన్న రేడియో ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. పాటలో అందరికంటే పైకి వెళ్ళే గొంతొకటి ఉంటుంది చూడు, అది రాగానే 'అదిగో, మీ అమ్మ!' అని తొడ చరిచేవాడు. అమ్మేమో వంటింట్లోంచి 'చాల్లెండి సంబడం' అనేది."

"ఇంట్లో పాడేది కాదా?"

"పాడమంటే నవ్వేసేది. 'అక్కడ పాడీ పాడీ వచ్చాను, ఇక్కడ కూడానా' అనేది. నాకు జోలపాట కూడా నాన్నే పాడాడు. ఆయన గొంతుకి నిద్రపోయానంటే నేనెంత మంచి పిల్లనో ఆలోచించు."

ఆ తల్లి పోయి ఏడాది కూడా కాలేదు. తండ్రికి భార్య ముఖం గుర్తుంది గానీ, గొంతు జారిపోతోందట. పొద్దున లేస్తూనే, "రాత్రి గుర్తొచ్చింది తల్లీ, ఇప్పుడు లేదు," అని బెంబేలెత్తిపోయేవాడట. ఇంట్లో చూస్తే ఆవిడ గొంతు ఎక్కడా రికార్డయి లేదు. "అన్నేళ్ళు రేడియోలో పాడింది కదే. ఆ గుంపులోంచి మీ అమ్మని విడదీసి ఒక్కసారి వినిపించు," అన్నాడట. ఈ పిల్ల సరేనని మాటిచ్చేసింది.

ముప్పై గొంతుల్లోంచి ఒక గొంతు విడదీయడమంటే పాలలోంచి నీళ్ళు తీయడమే. అందుకని ఆ అమ్మాయి సాధన టేపుల మీద ఆశ పెట్టుకుంది. మాస్టారు ఒక్కొక్కరినీ విడిగా నిలబెట్టి పాడించేవాడని అందరికీ తెలిసిందే. ఏదో ఒక టేపులో అమ్మ ఒక్కతే పాడి ఉండాలి కదా!

ఈలోగా మా పెద్దసారు ఒక హుకుం జారీ చేశాడు. "మాస్టారి మంచి మాటలూ, మంచి పాటలూ ఉంచండి చాలు. ఆ సాధన టేపులు, అతుకుల టేపులు ఎవడికి కావాలి? నెలాఖరుకి పారేయండి."

దాంతో ఆ అమ్మాయి రాత్రిళ్ళు కూడా కూర్చోవడం మొదలుపెట్టింది.

ఆ రాత్రి ఆఖరి వార్తలు నావి. కింద పాటల గదిలో ఆ అమ్మాయి ఒక్కతే ఉంది. అట్టపెట్టె మీద ఏ పేరూ లేని టేపొకటి దొరికితే యంత్రం మీద ఎక్కించింది. సన్నటి గరగర తప్ప ఏమీ లేదు. ఎంతసేపు విన్నా అంతే. ఖాళీ టేపు అనుకుంది. కానీ కొసదాకా తిరిగితేగానీ ఏ టేపునీ ఖాళీ అనకూడదు... అది వాళ్ళ పని పద్ధతి. దాని మానాన దాన్ని తిరగనిచ్చి, రెండు తలుపులూ బార్లా తీసి, టీ తాగడానికి పైకి నా దగ్గరికి వచ్చింది.

"ఏమంటోంది మీ దెయ్యం?" అన్నాను.

"దానికీ రాత్రి డ్యూటీయేగా పాపం, నాలాగే," అంది. మిగిలిన టీ చేత్తో పట్టుకుని కిందికి దిగింది.

వసారాలో ఒక్కటే దీపం. సగం దూరం నడిచింది...

హ్హా...

ఆగింది. గాలేమో అనుకుంది. కిటికీ లేని వసారాలో గాలెక్కడిది?

హ్హా... ఈసారి ఇంకా దగ్గరగా. ఆడవాళ్ళు, మగవాళ్ళు, అందరూ కలిసి పీల్చి — ఆగారు.

ఆ అమ్మాయీ ఆగింది. ఊపిరి వదలాలని తెలుసు, వదల్లేకపోయింది. పాట వస్తుంది... ఇప్పుడొస్తుంది... ఇదిగో...

రాలేదు. ఇంకో గుక్క. దాని వెనకే ఇంకోటి. ఒక్కటీ పాటగా మారదు, ఒక్కటీ వదలదు.

వెనక్కి పరిగెత్తి ఉండాల్సింది. కానీ అది తండ్రికి మాటిచ్చి వచ్చిన పిల్ల. గోడ పట్టుకుని గుమ్మం దాకా వెళ్ళింది. లోపల చీకటి... తను లైటు వేసే కదా వచ్చింది? యంత్రం మీద చిన్న ఎర్ర దీపం ఒక్కటే వెలుగుతోంది. స్విచ్చి కోసం గోడ తడుముతుంటే — చెవి పక్కనే, మెత్తగా, ఎంతో ప్రేమగా...

"మళ్ళీ."

ఆ అమ్మాయి వేసిన కేక నాకు పై అంతస్తులోకి వినపడింది.

నేను వెళ్ళేసరికి గదిలో లైటు వెలుగుతోంది. ఆ అమ్మాయి తివాచీ మీద కూలబడి, బట్టల నిండా టీ ఒలకబోసుకుని, ఏడవాలో నవ్వాలో తెలియకుండా ఉంది. గుమ్మం పక్కనే స్పీకరు. యంత్రం మీద టేపు తన పాటికి తాను తిరుగుతోంది.

అది ఖాళీ టేపు కాదు. ముందంతా ఖాళీ, ఆ తర్వాతన్నీ గుక్కలు. పాటల్లోంచి కోసేసిన గుక్కలన్నిటినీ మాస్టారు వరసగా అతికించి పెట్టాడు. మధ్యమధ్య తన మాటలు కూడా. ఎందుకో ఆయన గొంతే చెప్పింది.

"విన్నారా? ఇవి మీ గుక్కలే. వారం వారం కోసి దాచాను. పశువుల కొట్టంలా లేదూ? ఇక ఇళ్ళకి పొండి. ముందు వరసవాళ్ళు మాత్రం ఆగి, మొదటినుంచీ వినండి. మళ్ళీ."

అదీ సంగతి. చీకటి పడేదాకా జనాన్ని ఆపి ఈ టేపు వినిపించడం ఆయన వేసే శిక్ష. తలుపులు తీసినప్పుడు వసారాలో పోతూ ఎవరో విని ఉంటారు. అది ఆ నోటా ఈ నోటా పడి మా తాత దాకా వచ్చింది. లైటంటారా, మా కార్యాలయంలో లైటు ఆరడానికి దెయ్యం అక్కర్లేదు.

"దెయ్యం లేదు, గియ్యం లేదు. పోయినవాడి పాడుబుద్ధి," అన్నాను. ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. అక్కడితో ఆపేస్తే సరిపోయేది. కానీ కొసదాకా తిరగాలి కదా...

గుక్కలు అయిపోయాయి. మాస్టారు ఎవరినో విడిగా నిలబెట్టాడు.

"ఊఁ, ఎత్తుకో."

ఒక్క గుక్క. ఆడమనిషిది. బరువుగా, కాస్త ఆయాసంగా ఉంది.

"వద్దు. మళ్ళీ."

గుక్క.

"మళ్ళీ."

గుక్క... ప్రతిసారీ ఊపిరి పీల్చనిస్తాడు, పాట పెదవి దాటకముందే ఆపేస్తాడు. పిల్లికి చెలగాటం, ఎలుకకి ప్రాణసంకటం. ఎన్నిసార్లని! వింటున్న నాకే డొక్కలు పట్టేశాయి.

చివరికి ఆయన నవ్వాడు. ఆదివారం పొద్దున నవ్వే ఆ చల్లటి నవ్వే.

"కడుపుతో ఉన్నదాని గుక్క గేదె గుక్కలా ఉంటుందమ్మా. ఇకనుంచి నువ్వు పాడకు. ముందు వరసలో నిలబడి పెదవులు కదుపు, చాలు. చూడ్డానికి బాగుంటావు. నీ జీతం ఎక్కడికీ పోదు. ఇంట్లో చెప్పుకుంటావో, మానుకుంటావో నీ ఇష్టం."

కాసేపు గరగర. ఆ తర్వాత ఒక ఆడగొంతు, సన్నగా, మర్యాదగా...

"అలాగే మాస్టారూ."

టేపు అయిపోయింది. దాని కొస యంత్రానికి టపటపా కొట్టుకుంటోంది. ఆపుదామని చెయ్యి చాపి, ఆ అమ్మాయి ముఖం చూసి ఆగిపోయాను.

"మా అమ్మ," అంది. "అమ్మకి నేనొక్కదాన్నే. ఆ కడుపులో ఉన్నది నేనే."

అంటే ఈ పిల్ల పుట్టకముందు నుంచే ఆవిడ పాడలేదు. తండ్రి తొడ చరిచిన ఆదివారాలన్నిట్లో ఆ పై గొంతు ఇంకెవరిదో. తల్లి అన్నేళ్ళూ ముందు వరసలో నిలబడి ఉత్త నోరు తెరిచి మూసింది. ఆ పాటల్లో ఆవిడదంటూ ఉన్నది ఒక్క గుక్కే. దాన్ని కూడా ఆ మహానుభావుడు బ్లేడు పెట్టి కోసేశాడు. బతికుంటే ఆయన గొంతు నులిమి ఉండేదాన్ని, మొహమాటం లేకుండా చెబుతున్నాను.

"మానేసి పోవచ్చు కదే ఆవిడ?"

"నాన్న పనిచేసే మిల్లు మూతపడిన రోజులక్కా అవి. అమ్మ జీతం మీదే ఇల్లు." లేచి యంత్రం ఆపింది. "నాన్నకి ఇప్పుడు ఏం తీసుకెళ్ళను? 'అలాగే మాస్టారూ' అన్న మాటా?"

అడకత్తెరలో పోకచెక్క అంటే ఆ రాత్రి ఆ పిల్లే. నిజం వినిపిస్తే ముసలాయన ఆదివారాలన్నీ బూడిదవుతాయి. అందుకని అబద్ధం తయారు చేసింది. ఆ పై గొంతావిడ విడిగా పాడిన సాధన టేపు ఉంటే, దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించి, గుక్కలన్నీ ఏరి ఏరి తీసేసింది. పరాయి మనిషి ఊపిరి నాన్న పట్టేస్తాడేమోనని భయం. మాస్టారు చేసిన పనే చేస్తున్నానక్కా అని తల బాదుకుంది, కానీ మానలేదు.

తర్వాతి సంగతి తను చెబితే విన్నదే.

మర్నాడు సాయంత్రం ముసలాయన గడ్డం గీసుకుని, ఉతికిన చొక్కా వేసుకుని కూర్చున్నాడట. "పెళ్ళిచూపులా నాన్నా?" అంటే సిగ్గుపడ్డాడట. ఎదురుగా బల్ల మీద స్పీకరు పెట్టింది. పాట మొదలైంది. ఆయన కళ్ళు మూసుకుని కొసదాకా విన్నాడు. తొడ చరచలేదు.

"పాడింది మీ అమ్మ కాదు," అన్నాడు.

ఆ అమ్మాయి స్పీకరు తీసేయబోయింది.

"ఎవరో మహాతల్లి, బాగానే పాడింది. కానీ పాటకి ముందు ఊపిరి పీల్చింది చూడు... అది మీ అమ్మ. గొంతు మరిచిపోయానేమో గానీ, పక్కన పడుకున్న మనిషి ఊపిరి మరిచిపోతానా? నువ్వు కడుపులో ఉన్నప్పుడు రాత్రంతా అలాగే ఎగపీల్చేది."

"ఊపిరేమీ లేదు నాన్నా. అన్నీ నేనే తీసేశాను."

"ఉందే పిచ్చిదానా. అంత దగ్గర్నుంచి వస్తే వినపడలేదా?"

ముసలాయన ముఖం వెలిగిపోతోంది. ఇంక గొంతు కూడా వచ్చేస్తుంది, వచ్చేస్తుంది అన్నట్టు ముందుకి వంగాడు. చెయ్యి పైకెత్తి, కళ్ళు మూసుకుని...

"మళ్ళీ," అన్నాడు.

ఆ టేపులు నెలాఖరుకి లారీ ఎక్కాయి. పాటల గదిలో ఇప్పుడు విరిగిన కుర్చీలు ఉన్నాయి. మా తాత రాత్రిళ్ళు అక్కడే చాప వేసుకుని పడుకుంటున్నాడు, ఏ చప్పుడూ లేదు, హాయిగా నిద్ర పడుతోందంటాడు. మాస్టారి చల్లటి మాటలు మాత్రం ఆదివారం ఆదివారం రేడియోలో వస్తూనే ఉన్నాయి.

టేపులమ్మాయి ఉద్యోగం మానేసింది. మొన్న బజార్లో కనిపిస్తే, మనిషి సగమైంది. ఆ మాట అనకు నాన్నా, కాళ్ళు పట్టుకుంటాను, ఇంకేమైనా అను అంటే ముసలాయనకి అర్థం కావడం లేదట. "ఏ మాటే?" అని నవ్వుతాడట. ఇప్పుడు స్పీకరూ అక్కర్లేదు, పాటా అక్కర్లేదు. సాయంత్రం కాగానే కుర్చీలో కూర్చుని చెయ్యెత్తుతాడు. "మళ్ళీ," అంటాడు.

వంటింట్లో ఎవరో ఊపిరి పీల్చి... ఆగిపోతారు.