ఐదో దెబ్బ

షెడ్డు తలుపు దించేద్దామని నంబర్లక్క అప్పటికి రెండుసార్లు అంది. రెండుసార్లూ మేస్త్రికి వినపడలేదు. ఆయన ఎడమచెవి పూర్తిగా పోయి ఏడేళ్లయింది. ఆర్నెల్లుగా కుడిచెవి కూడా నూనె లేని దీపంలా కొడిగడుతోంది. అదీ ఆరిపోతే షెడ్డు మూసుకోవడమే. చప్పుడు వినలేని మెకానిక్కుకి బండి ఎవరిస్తారు? ఆ సంగతి మొగుడికీ తెలుసు, పెళ్లానికీ తెలుసు. ఇద్దరూ ఆ మాట ఎత్తరు, అంతే.

ప్రస్తుతానికి ఇద్దరూ కలిసి ఒక మనిషి పని చేసుకొస్తున్నారు. ఆయన పొడుగాటి స్క్రూడ్రైవరు మొనని ఇంజనుకి ఆనించి, పిడిని దవడకి నొక్కుకుని, ఎముకలోంచి వింటాడు. ఆవిడ స్టీరింగు కింద ఇంజను జబ్బుల కోడ్లు చదివే మిషను తగిలించి, పడ్డ నంబరుని వేళ్లతో చూపిస్తుంది. మూడొందల ఒకటి పడితే మొదటి సిలిండరు మిస్సవుతోందని, అంటే దెబ్బ తప్పుతోందని అర్థం, ఒక వేలు. మూడొందల నాలుగైతే నాలుగు వేళ్లు. చదివింది చిన్నబడి వరకే అయినా నంబర్లన్నీ నోటికి వచ్చు. అందుకే వీధంతా ఆవిణ్ణి నంబర్లక్క అంటారు.

సాయంత్రం నాలుగే అయింది కానీ, పొద్దుట్నించీ పట్టిన ముసురుకి షెడ్డులో దీపం పెట్టాల్సి వచ్చింది. పొద్దుట్నించీ మూడు బండ్లు. నడుము విరిగిపోతోంది. అప్పుడొచ్చాడు బేకరీ ఆయన, పాత తెల్లకారు వేసుకుని.

"అక్కా, లోపల ఇంజను లైటు మిణుకు మిణుకుమంటోంది. బండేమో ఎక్కిళ్లు పెడుతోంది. కొని నెల కాలేదు. ఇప్పటికి రెండు షెడ్లు తిప్పాను. బానెట్టు ఎత్తడం, దించడం, పట్టుకుపో అనడం! ఎందుకయ్యా అంటే ఒక్కడూ చెప్పడు."

"రేపు తెమ్మను!" అని అరిచాడు మేస్త్రి.

"రేపటికి ఇది నడవదన్నా. కాస్త చూడు, ఈలోపు టీ తాగొస్తా" అని బేకరీ ఆయన తాళం ఆవిడ చేతిలో పెట్టి, తల మీద సంచి కప్పుకుని వానలోకి పోయాడు.

ఆవిడ ఉసూరుమంటూ సీట్లో కూర్చుని మిషను తగిలించింది. ఇంజను తిప్పింది. నంబరు పడింది. కళ్లు నులుముకుని మళ్లీ చూసింది. మూడొందల ఐదు.

అద్దంలోంచి ఐదు వేళ్లూ చూపించింది.

మేస్త్రి పకపకా నవ్వాడు. "నాలుగు సిలిండర్ల బండే ఇది! ఐదోది మీ పుట్టింటినుంచి తెచ్చావా?"

"నంబరు చెరిపేసి మళ్లీ చూడనా?" అని చేత్తో తుడుస్తున్నట్టు సైగ చేసి అడిగింది.

"చెరపకు! జబ్బేంటో తేలకుండా చెరిపితే జబ్బు పోదే, చోటు మారుతుంది." ఆ మాట ఆవిడకి చెప్పడం ఇది వెయ్యోసారి.

ఆయన బానెట్టు ఎత్తాడు. వేడినూనె వాసన రావాలి. రాలేదు. ఏళ్ల తరబడి మూసి ఉంచిన ట్రంకుపెట్టె తెరిస్తే పాతబట్టల వాసన ఎలా గుప్పుమంటుందో, అలా వచ్చింది. సీట్లో కూర్చున్న ఆవిడకి కూడా కొట్టింది. ఆయన ముక్కు చిట్లించి, స్క్రూడ్రైవరు దవడకి ఆనించుకున్నాడు. చాలాసేపు కదల్లేదు.

"మూడోదానికీ నాలుగోదానికీ మధ్య ఏదో ఉందే. మెత్తగా కొడుతోంది... తలుపు తట్టినట్టు."

ఇలాంటప్పుడు ఆయనకో పాత పద్ధతుంది. ఇంజను నడుస్తుండగానే సిలిండర్లకి నిప్పందించే ప్లగ్గుల మీది కాయిళ్ల తీగలు ఒక్కొక్కటే పీకుతాడు. ఏ తీగ పీకినా ఇంజను వణకాలి. ఏది పీకితే వణకదో, దొంగ అక్కడున్నట్టు. మొదటిది పీకాడు, వణికింది. పెట్టేశాడు. రెండోది, మూడోది, నాలుగోది... అన్నీ వణికాయి. అన్నీ మంచివే.

ఓపిక పోయినట్టుంది. ఈసారి పీకినవి మళ్లీ పెట్టలేదు. ఒకటి... రెండు... మూడు... ఇంజను ఊగిపోతోంది. నాలుగోదీ పీకేశాడు.

ఆగిపోవాలి. నిప్పు లేని పొయ్యి అన్నం ఉడికించదు కదా.

చప్పుడు తగ్గింది. తగ్గింది. ఒక్కటి మిగిలింది.

టక్.

వాన చప్పుడు.

టక్.

ఆవిడ తాళం తిప్పింది. తాళం బయటికి లాగేసింది. పిడికిట్లో బిగించింది.

టక్.

"ఏమండీ..." అంది. ఆయనకి వినపడదు. దిగి ఆయన దగ్గరికి వెళ్లింది.

స్క్రూడ్రైవరు ఎప్పుడో కింద పడిపోయింది. ఆయన ఇంజను మీదికి వంగి, ఎడమ చెంపని దానికి దగ్గరగా పెట్టుకుని ఉన్నాడు. ఎడమచెవి. చచ్చిపోయిన చెవి.

"వినపడుతోందే" అన్నాడు. కళ్లనిండా నీళ్లు. "ఈ చెవిలోనే! ఏడేళ్లకి... ఎంత బాగా వినపడుతోందో!"

"వచ్చెయ్యండి" అని జబ్బ పట్టుకుని లాగింది. కొండని లాగినట్టుంది.

"ఉండు" అన్నాడు. ముఖం మీద ఏదో వెలుగు. ఆవిణ్ణి చూడట్లేదు. "మాటలు కూడా ఉన్నాయి..."

ఆవిడకి వినపడింది ఒక్కటే. టక్. ఇప్పుడు తొందరగా. టక్. టక్.

మళ్లీ సీటు దగ్గరికి పరిగెత్తింది. తాళం తీశాక మిషను ఆరిపోవాలి. వెలుగుతూనే ఉంది. 'చెరపమంటారా?' అని అడుగుతోంది. ఆవిడ ఏమీ నొక్కకముందే అడుగుతోంది... వెయ్యిసార్లు విన్నమాట ఆ క్షణాన ఒక్కసారైనా గుర్తు రాలేదు. మొగుణ్ణి అక్కణ్ణించి లాక్కోవాలి, అంతే. నొక్కేసింది.

ఆగింది.

మేస్త్రి మెల్లగా నడుం నిలబెట్టాడు. నిద్రలోంచి లేచినవాడిలా చుట్టూ చూశాడు. నాలుగు తీగలూ పెట్టాడు. టీ తాగి వచ్చిన బేకరీ ఆయన తాళం తిప్పగానే ఇంజను వెన్నలా నడిచింది. లైటు లేదు, ఎక్కిళ్లు లేవు, వాసనా లేదు. "నీది మంచి చెయ్యన్నా!" అంటూ వెళ్లిపోయాడు. ఇద్దరూ కలిసి తలుపు దించారు.

ఇంటికొచ్చాక ఆవిడ గోడకి చేరగిలబడి కాళ్లు చాపింది. ఒళ్లంతా పచ్చిపుండు. ఎసట్లో బియ్యం పొయ్యాలి. లేవలేకపోతోంది. ఎదురుగా కుళాయి దగ్గర, ఆవిడకి వీపు పెట్టి, మేస్త్రి చేతులకంటిన మసి రుద్దుకుంటున్నాడు. రోజూ చూసే వీపే. పోనీలే, మనిషి దక్కాడు, రేపు డాక్టరుకి చూపిద్దాం అనుకుంది మనసులో. పెదవి కూడా కదపలేదు.

ఆయన చేతులు ఆగాయి.

తల ఎడమవైపుకి కొంచెం ఒంగింది. పక్కన నిలబడ్డవాళ్లు ఏదో చెబుతుంటే వినేవాడిలా. ఊఁ కొట్టాడు. మళ్లీ ఊఁ కొట్టాడు.

చెవి పోయినప్పట్నించీ ఆయన ఏం మాట్లాడినా అరుపే. గొంతు తగ్గించడం ఎలాగో కూడా మర్చిపోయాడు. అలాంటివాడు, కుళాయి కట్టేసి, వెనక్కి తిరక్కుండా, గాలి ఊదినంత మెల్లగా అన్నాడు:

"ఇప్పుడొద్దు... మా ఆవిడ వింటోంది."