ఆరని సున్నా

"పదకొండున్నర అయింది. పన్నెండూ పదికి ట్రక్కు బయల్దేరుతుంది. ఈలోగా ఫిల్మ్ దొరక్కపోతే కషివబరని అరెస్ట్ చెయ్," అని చీఫ్ ఫోన్ పెట్టేశాడు.

ఏజెంట్ ఇగరాషికి ఒళ్లు మండింది. కషివబర ముసలి ఇంజినీరు. ఆరేళ్లు కంటిమీద కునుకు లేకుండా శ్రమించి, బ్యాటరీ లేకుండా వెలుతురుతోనే నడిచే కాలిక్యులేటర్ తయారుచేశాడు. ఆ సోలార్ పలక ఫార్ములాని విదేశీ ముఠా మైక్రోఫిల్మ్ తీసి, ఎగుమతికి సిద్ధమైన నలభై శాంపిళ్లలో ఒకదాంట్లో దాచింది. ఫార్ములా ఉన్న బీరువా తాళం కషివబర దగ్గరే ఉంటుంది. అందుకే అనుమానం ఆయన మీద పడింది.

జపాన్‌లో నారా ఊరి చివర ఫ్యాక్టరీ. బయట జూన్ నెల ముసురు. ఇగరాషి కస్టమ్స్ ఆఫీసర్ వేషంలో, బూట్లు విప్పి స్లిప్పర్లు తొడుక్కుని లోపలికి వెళ్లాడు. ఎగుమతుల విభాగం రురికో ముత్యాల దండ సవరించుకుంటూ ఎదురొచ్చింది. ఆవిడ ఇగరాషి డిపార్ట్‌మెంట్‌కి రహస్య ఇన్ఫార్మర్. కషివబర పేరు చెప్పింది ఆవిడే.

"నలభైటినీ ఆన్ చేసి టేబుల్ మీద పెట్టించండి మేడం."

"పొద్దున్నే చెక్ చేశాం సార్. పన్నెండులోపే పంపించేద్దాం."

"ఇంకా టైముందిగా! ఏమిటంత తొందర?"

రురికో నవ్వి, శాంపిళ్లు తెప్పించింది.

నలభై తెరల మీదా సున్నాలు వరసగా కనిపించాయి. ఫిల్మ్‌ని పసిగట్టాల్సిన ఇగరాషి డిటెక్టర్ పెన్ను అన్నిటి దగ్గరా ఒకేలా కీచుమని పరువు తీసింది.

"కాస్త పక్కకి జరగండి సార్," అన్నాడు టేబుల్ దగ్గరున్న కషివబర బెదురుగా. "మీ నీడ పడితే వాటి ప్రాణం పోతుంది."

ఇగరాషి ఆయన చెవిలో అడిగాడు. "పన్నెండుకి ఇక్కడేమవుతుంది?"

"భోజనం బెల్లు. కరెంటు ఆదాకి లైట్లన్నీ ఆర్పేస్తారు."

ఇగరాషి తాపీగా లెక్కలు కట్టే పూసల చట్రం తీసి, ఒక్కో మెషిన్ లెక్కనీ సరిచూడసాగాడు. పదకొండూ యాభై ఎనిమిదికి ఫైలు చాటునుంచి పిస్టల్ గొట్టం అతని డొక్కలో గుచ్చుకుంది.

"వేషాలు చాలు," రురికో గుసగుసలాడింది. "ప్యాక్ చెయ్యమని చెప్పు. లేదంటే ముందు ముసలాడు పోతాడు."

ఇగరాషి గోడ గడియారం వంక చూశాడు. "ప్యాక్... చెయ్యండి," అన్నాడు, ఒక్కో అక్షరాన్నీ సాగదీస్తూ. మొదటి అట్టపెట్టె తెరుచుకుంది.

బెల్లు మోగింది. లైట్లు ఆరిపోయాయి.

కిటికీలోంచి వచ్చే మసక వెలుతురులో ముప్పై తొమ్మిది సున్నాలు మాయమయ్యాయి. ఒక్కటి మాత్రం నిక్షేపంలా నిలిచింది. రురికో చూపు అటు తిరగగానే ఇగరాషి పూసల చట్రంతో ఆవిడ మణికట్టు మీద ఒక్కటిచ్చాడు. పిస్టల్ జారిపడింది.

ఆ మెషిన్ విప్పితే, పలక కింద తీగలు కత్తిరించి ఉన్నాయి. వాటి చోట ఫిల్మ్ చుట్ట, దాని పక్కన బొత్తాం బ్యాటరీ.

రురికో చేతులకి బేడీలు పడ్డాక కషివబర వచ్చి, ఇగరాషి ముందు నడుం వంచి నిలబడ్డాడు.

"తలెత్తండి సార్. మీ తప్పేం లేదని తేలిపోయింది."

"నాదే తప్పు! కిటికీలోంచి అంత వెలుతురొస్తున్నా ముప్పై తొమ్మిదీ ఆరిపోయాయి. తలెత్తుకోలేకపోతున్నాను, క్షమించండి." అప్పటికే ఆయన చేతిలో స్క్రూడ్రైవర్ ఉంది.

ఇగరాషి ఆయన్ని అరెస్ట్ చెయ్యలేదు గానీ, భోజనానికి పంపడానికి మాత్రం తుపాకీ తియ్యాల్సి వచ్చింది.