మోడల్ ఫ్లాట్‌లో కాపురం

తోడికోడలి ఇంటి ఫొటోలు చూసి ఓర్వలేక, మా టైలరక్క చక్కగా నడుస్తున్న కుట్టు షాపు అమ్మేయబోయింది. జరిగిన తప్పు అదీ. దెయ్యం సంగతి ఆ తర్వాత.

ముందు ఆ చోటు గురించి చెప్పాలి. బైపాస్ నుంచి మా పేటకి వచ్చే అడ్డదారిలో, అపార్టుమెంట్లు కడతామని పునాదుల దగ్గరే వదిలేసిన స్థలం ఒకటి ఉండేది. కొనేవాళ్లకి చూపించడానికి కట్టిన మోడల్ ఫ్లాట్ ఒక్కటే అందులో మిగిలింది. రోడ్డు వైపు గోడంతా అద్దమే, దాని నిండా దుమ్ము. బిల్డరు పరారయ్యాక దానికి చెడ్డపేరు వచ్చింది. మనుషుల్లేని ఇంట్లో రాత్రిపూట దీపం వెలుగుతుందన్నారు. ఒకావిడ టేబులు దగ్గర కూర్చుని ఖాళీ కప్పు ఎత్తి తాగుతుందన్నారు... ఎదురుగా ఎవరూ లేకుండానే నవ్వుతుందన్నారు. ఉన్నదంతా ఆ ఫ్లాటుకి పోసి, ఇల్లు చేతికి రాక ప్రాణం తీసుకున్న మనిషట. నువ్వు చూశావా అంటే, నేను కాదు, మా బావమరిది చూశాడు అనేవాళ్లే అందరూ. వాచ్‌మన్లు కూడా అక్కడ నిలిచేవాళ్లు కాదు. ఒకడు పోతే ఇంకొకడు.

మా పేట సంగతీ అంతంతమాత్రమే. మేమూ నగరంలోనే ఉన్నామని కరెంటు బిల్లు చెప్పాలి తప్ప ఇంకెవరూ ఒప్పుకోరు. బస్సు బోర్డు మీద మా పేరుండదు. పార్సిల్ తెచ్చేవాడు బైపాస్ దగ్గరే ఆగి, మీరే వచ్చి తీసుకెళ్లండి మేడమ్ అంటాడు. ఎక్కడుంటారని అడిగితే మేమూ రోడ్డవతలి కాలనీ పేరు చెప్పి బయటపడతాం.

టైలరక్క తోడికోడలికి ఆ తిప్పలు తప్పాయి. మరిది ఏదో వ్యాపారమంటూ పెళ్లాన్ని తీసుకుని నగరం నడిబొడ్డుకి వెళ్లిపోయాడు. కొన్నాళ్లకి ఫొటోలు మొదలయ్యాయి. సోఫా మీద ఆమె. పట్టు కర్టెన్ పక్కన ఆమె. ఇంకా పని జరుగుతోందని ఇంటికి మాత్రం ఎవర్నీ పిలవలేదు. అత్తగారు కళ్లజోడు తుడుచుకుని మరీ ఆ ఫొటోలు చూసి, అదృష్టమంటే దానిది, నువ్వూ ఉన్నావు, పొద్దస్తమానం ఆ మిషనూ నువ్వూను, అనేదట.

అక్క కడుపు భగ్గుమంది. నా మందుల షాపు ఆమె షాపు పక్కనే. మంటకి మాత్రలు నేనే ఇచ్చాను... ఆ మంటకి నా దగ్గర మందు లేదని తెలిసే ఇచ్చాను. చివరికి షాపు బేరం పెట్టింది. నగరంలో అద్దె ఇల్లు చూసుకుంటానంది. వెళ్లి ఏం చేస్తావని అడిగాను.

"ముందు అక్కడ ఉంటాను," అంది.

అద్దె ఇల్లు చూసి తిరిగొస్తున్న రాత్రి, ఆఖరి బస్సు డ్రైవరు ఒక్క మనిషి కోసం లోపలిదాకా రానని బైపాస్ దగ్గరే దింపేశాడు. తెల్లారితే షాపు కొనే మనిషి తాళాల కోసం వస్తాడు. అక్క గబగబా అడ్డదారి పట్టింది.

దీపం వెలుగుతోంది.

పరిగెత్తబోతూ ఒక్కసారి అటు చూసింది. దుమ్ము అద్దంలోంచి మసగ్గా కనిపించింది... టేబులు దగ్గర ఒక ఆడమనిషి. కప్పు ఎత్తింది. తాగినట్టు చేసింది. దించింది. ఎదుటి కుర్చీ ఖాళీ. నవ్వింది.

తల ఇటు తిప్పింది.

తోడికోడలు.

ఎక్కడో నగరం మధ్యలో ఉండాల్సిన మనిషి... ఇక్కడ... ఈ ఇంట్లో... అక్కకి ఒకటే తోచింది — పోయింది. ఎలాగో ఏమో, పోయింది.

"ఒట్టు, ఏడుపు రాలేదే," అని తర్వాత నాతో చెప్పింది. "హమ్మయ్య అనిపించింది. ఇక ఫొటోలు రావు కదా అని."

అప్పుడు చేతిలో ఫోను వణికింది. వీడియో కాల్. తోడికోడలే.

అక్క కెమెరా ఆపేసి, ఫోను చెవి దగ్గర పెట్టుకుంది.

"అక్కా..." ఆ గొంతు ఫోనులోంచీ వచ్చింది, అద్దంలోంచీ వచ్చింది. "పడుకున్నావా? కొత్త కప్పులు కొన్నాం, చూడు."

టేబులు మీద ఫోను ఆనించి ఉంది, వెనకాల ఫొటోల్లో చూసిన సోఫా, ఆ పట్టు కర్టెన్. ఆమె నవ్వుతున్నది ఆ ఫోనులోకి చూసే. ఇంతలో పక్క తలుపులోంచి వాచ్‌మన్ చొక్కాలో ఒకడు తొంగిచూసి, వెలుగు రోడ్డుకి కనిపిస్తోంది, త్వరగా కానీ, అన్నట్టు చెయ్యి ఊపాడు. మరిది. అతని వెనక రేకుల షెడ్డు. దాని గుమ్మంలో చుట్టిపెట్టిన చాప, స్టవ్వు, రెండు గిన్నెలు. వ్యాపారం మునిగిపోయి, ఎక్కడికీ పోలేక, మళ్లీ మా పేట చివరికే వచ్చి దాక్కున్నారు. ఎవరూ తొక్కని చోటని.

ఒక్క మాట చాలు. "ఒకసారి బయటికి చూడవే" అంటే చాలు. ఇన్నాళ్ల కడుపుమంట ఒక్క గుక్కలో చల్లారేది. అత్తగారి నోరూ మూతపడేది. ఆ మాట పెదవి దాకా వచ్చిందట.

అద్దం అవతల తోడికోడలు కప్పు దించకుండా ఎదురుచూస్తోంది.

"అక్కా... బాగోలేదా?"

కప్పుని ఫోనుకి ఇంకా దగ్గరగా పట్టింది.

"నీకేమే," అంది అక్క, చీకట్లో గొంతు తగ్గించి. "పెట్టి పుట్టావు. అలాంటివి నాకు రాసిపెట్టి లేవు."

లోపలి ముఖం దీపం కంటే ఎక్కువ వెలిగింది.

తెల్లారి వచ్చిన మనిషికి షాపు అమ్మనని చెప్పి పంపేసింది. ఇదంతా నాకు చెప్పింది ఆ ఫ్లాటు కూల్చేశాకే. ఫొటోలు మాత్రం ఆగలేదు. ఇంకెక్కడి సోఫాలో, ఇంకెవరి కర్టెన్లో.

ఆ రాత్రి నడుస్తూనే అక్క ఒకటి నిశ్చయించుకుంది: తోడికోడల్ని చూసి కుళ్లుకోవడం మాత్రం మానకూడదు. దానికున్న ఆస్తి అదొక్కటే. ఫొటో వచ్చినప్పుడల్లా అందరికీ వినపడేలా నిట్టూరుస్తుంది, అత్తగారి ముందు మూతి ముడుచుకుంటుంది. ఇప్పటిదాకా ఒక్క ఫొటో కూడా ఊరికే పోనివ్వలేదు.