తొంభై దాటని రేడియో

నిమియా అమ్మకానికి కాల్చిన జున్ను రొట్టెలు, చీపాలు, మూడో వాయి మట్టి పొయ్యిలోంచి తీస్తుండగా కూతురు డిగ్నా వచ్చి గుమ్మంలో నిలబడింది. లూకే నుంచి యగ్వారోన్‌కి రెండు బస్సులు మారాలి. బుధవారం పొద్దున్నే పని మానుకుని ఆ పిల్ల అంత దూరం వచ్చిందంటే అది తల్లి మీద బెంగతో మాత్రం కాదని నిమియాకు చూడగానే అర్థమైపోయింది.

"నిన్న మోటారు సైకిలు వాణ్ణి గుద్దబోయావట!"

"గుద్దబోయాను. గుద్దలేదుగా? కూర్చో, వేడిగా ఒకటి తిను."

"నాకేం వద్దు. చేతిలో ఫోనుందట కదమ్మా. ఎదురింటి బ్లాసిదత్త అంతా చెప్పింది."

"దానికి కడుపులో ఏ మాటా దాగదు. ఊళ్లో నేను తుమ్మినా నీకు ఫోను చేస్తుంది."

డిగ్నా నవ్వలేదు. "నీకు అరవై రెండేళ్లమ్మా. యాభై తొమ్మిదో ఏట స్టీరింగు పట్టుకున్నావు. ఒక చేత్తో ఫోను, ఒక చేత్తో బండి! ఇదేమన్నా సర్కసా?"

"ఎత్తకపోతే ఎలాగే? బడి దగ్గర నుంచి ఇంకో డజను తెమ్మంటారు. ఆసుపత్రి గేటు దగ్గర నుంచి తొందరగా రమ్మంటారు. నేను పలక్కపోతే పక్కదాని బుట్టలోవి కొనుక్కుంటారు."

వరండా ఉయ్యాలలో పడుకున్న యులాలియో ఈ గొడవంతా వింటూనే ఉన్నాడు. ముప్పై ఏళ్లు బస్సు నడిపిన మనిషి. షుగరు వచ్చి చూపు మెల్లమెల్లగా పోతున్న రోజుల్లోనే పంతం పట్టి, పక్కన కూర్చుని, పెళ్లానికి బండి నేర్పాడు. ఇప్పుడు ఆయనకు వెలుగుకూ చీకటికీ తేడా తప్ప ఇంకేమీ తెలియదు. పొద్దస్తమానం ఊరి రేడియో వింటాడు. తన సంగతి ఎవరైనా ఎత్తబోతున్నారనిపిస్తే దాని గొంతు పెంచుతాడు. ఇప్పుడూ పెంచాడు.

"ఆదివారం మళ్లీ వస్తా," అంది డిగ్నా లేస్తూ. "అప్పటికీ ఫోను నీ చేతిలోనే ఉంటే బండి తాళం నేను పట్టుకుపోతా. తమ్ముడు లేడు, తోడు లేదు, నీకేమన్నా అయితే చూసుకోవాల్సింది నేనొక్కదాన్నే."

ఆ మాట నిమియాకు గుచ్చుకుంది. తాళం పోతే బండి పోతుంది, బండి పోతే గిరాకీ పోతుంది. ఆ తర్వాత ఇద్దరూ కూతురి ఇంట్లో ఒక మూల మంచాలు వేసుకోవాల్సిందే. ఆమె కూతురితో ఇంకేమీ వాదించలేదు. ఫోను చేత్తో పట్టుకోకుండానే మాట్లాడి చూపిద్దామనుకుంది.

మర్నాడు చీపాలు అమ్మేసి తిన్నగా బజారుకెళ్లింది. ఫోన్లు బాగుచేసే కొట్లో కూర్చున్న బక్కపలచటి మనిషి బొటనవేలంత పరికరం ఒకటి చేతిలో పెట్టాడు.

"బండిలో సిగరెట్టు వెలిగించుకునే చోట దీన్ని గుచ్చు పెద్దమ్మా. ఫోను వైరు లేకుండా దీంతో మాట్లాడుతుంది. ఇది అవతలివాళ్ల గొంతును నీ రేడియోలోకి పంపుతుంది. దీంట్లో తొంభై ఎనిమిది పెట్టాను, రేడియోలోనూ తొంభై ఎనిమిది పెట్టుకో. అంతే."

నిమియా బండి దాకా వచ్చి మీట తిప్పింది. రేడియో తొంభై దగ్గర ఆగిపోయింది. ఎంత తిప్పినా మళ్లీ డెబ్బై ఆరుకే వచ్చి నిలబడుతోంది. ఆ మనిషి తల లోపలికి పెట్టి చూసి పెదవి విరిచాడు.

"జపాన్‌లో వాడేసిన బండి కదూ? ఓడలో చిలీకొచ్చి, స్టీరింగు ఇటు మార్చుకుని మన దాకా వచ్చినవన్నీ ఇంతే. వాళ్ల రేడియోలు తొంభై దాటవు. రేడియో మార్చెయ్ పెద్దమ్మా, నేను చవగ్గా చేస్తా."

"నాతో ముప్పై ఏళ్లు సంసారం చేసిన పొయ్యే ఉంది. దాన్నే మార్చలేదు, దీన్ని మారుస్తానా?" అని పరికరం సంచిలో వేసుకుంది.

శుక్రవారం మధ్యాహ్నం ఊరంతా భోంచేసి పడుకుంది. ఆ వేళప్పుడు పక్కవాణ్ణి లేపడం అంత పాపం మరొకటి లేదు యగ్వారోన్‌లో. వరండా గోడను ఆనుకుని నిలిపిన బండిలో నిమియా అద్దాలన్నీ ఎత్తుకుని కూర్చుంది. చెమట ధారలు కడుతోంది. పరికరం ఎనభై ఏడున్నర కిందికి దిగదు, రేడియో తొంభై పైకి ఎక్కదు. అంటే రెండూ కలుసుకునే సందు అంతే, అందులోనే వెతకాలి. ఎనభై ఏడున్నర దగ్గర గరగర. కొంచెం పైన ఎవరో పాస్టరు ఉపన్యాసం. ఎనభై ఎనిమిది పాయింటు మూడు దగ్గర మాత్రం హాయిగా, ఖాళీగా ఉంది.

తమ ఊరి రేడియో వచ్చేది సరిగ్గా అక్కడేనని ఆమెకు తట్టలేదు. ఇంట్లో రేడియో మీటకు యులాలియో ఎప్పుడో టేపు అంటించేశాడు, దాని అంకె ఎవరూ చూడరు. పైగా పన్నెండు నుంచి మూడింటి దాకా ఆ రేడియో వాళ్లు కూడా తలుపులేసుకుని నిద్రపోతారు.

పరికరం రేడియోతో కలిసింది. ఫోను పరికరంతో కలిసింది. నిమియా గెలిచిన ముఖంతో కూతురికి ఫోను చేసింది.

"ఈ వేళప్పుడేంటమ్మా? నాన్నకేమన్నా—" డిగ్నా గొంతు బండి తలుపుల్లోని స్పీకర్లలోంచి ఖంగుమంది.

"నాన్నకేం కాలేదు. నేను ఫోను ముట్టుకోకుండా మాట్లాడుతున్నానే! రెండు చేతులూ స్టీరింగు మీదున్నాయి!"

"మంచిది. కానీ అమ్మా, నీ చేతుల ఊసొక్కటే కాదు. మొన్న నాన్న ముందు అనలేకపోయాను. నువ్వు రోడ్డున పడితే నాన్న ఒక్కడే ఉంటాడు. మొన్నటికి మొన్న పొయ్యి మీద చెయ్యి వేశాడు. ఆదివారం నాన్న బట్టలు సర్దిపెట్టు, నాతో తీసుకుపోతా. ముందే చెప్పకు, గొడవ చేస్తాడు."

"సర్ది పంపడానికి ఆయనేమన్నా మూటా?"

"కాదంటే ఎలాగమ్మా? ఆయన నీకు భారం కాదా? నిజం చెప్పు."

"భారమే! నా భారం నేను మోసుకుంటా. అడగడానికి నువ్వెవరే?" అంది నిమియా. అక్కడితో ఆగలేదు. ఇన్నాళ్లూ ఎవరితోనూ అనని మాటలు ఆ వేడిలో వాటంతటవే బయటికొచ్చాయి. అద్దాలు మూసి ఉండబట్టి సరిపోయింది గానీ లేకపోతే వీధి వీధంతా లేచేది.

చివరికి అవతలి నుంచి ముక్కు ఎగబీల్చిన చప్పుడు వచ్చింది. "సరే అయితే. నీ ఇష్టప్రకారమే కానీ," అని డిగ్నా పెట్టేసింది.

నిమియా ముఖం తుడుచుకుని ఇంట్లోకొచ్చింది. ఉయ్యాల ఖాళీగా ఉంది. యులాలియో లోపల మంచం అంచున, చెప్పులు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్లో సంచి, అందులో కుక్కిన రెండు చొక్కాలు.

"ఎక్కడికయ్యా, ఈ ఎండలో?"

"ఆదివారం దాకా ఎందుకు? ఇప్పుడే వచ్చి తీసుకుపొమ్మను."

"ఎవర్ని?"

"నీ కూతుర్ని. నా బట్టలు సర్దమంది కదా, నీకు శ్రమ లేకుండా నేనే సర్దేసుకున్నా."

"నీకెవరు చెప్పారు?"

"రేడియోలో చెప్పారు," అన్నాడు యులాలియో. వెటకారమేమీ లేదు ఆ గొంతులో. "పడుకునే ముందు దాన్ని కట్టెయ్యడం మర్చిపోయా. చెవి దగ్గర గరగరలాడుతూ ఉన్నది కాస్తా ఉన్నట్టుండి నా కూతురి గొంతుతో మాట్లాడింది. నాకు మతి పోయిందేమో అనుకున్నా. నేను భారం కాదా అని అడిగింది. నీ ఇష్టప్రకారమే కానీ అంది."

"మరి నేనన్నది?"

"నువ్వేం అన్లేదు."

"ఏం అన్లేదా!"

"నీ గొంతు రానే లేదు నిమియా. పిల్ల అడిగినప్పుడల్లా ఊరుకున్నావు. నలభై ఏళ్లుగా చూస్తున్నా, నువ్వు ఊరుకున్నావంటే ఒప్పుకున్నట్టే."

నిమియాకు అప్పుడు వెలిగింది. ఆ దిక్కుమాలిన పరికరం కూతురి మాటలను గోడ దాటించి ఈయన రేడియోలోకి పంపింది. తన మాటలేమో ఫోనులోంచి లూకేకి పోయాయి. ఇన్నాళ్లకు నోరు విప్పితే, విన్నది కూతురు, వినాల్సిన మనిషికి మాత్రం వినబడలేదు. ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"లే," అంది.

"నాకెవరి జాలీ అక్కర్లేదు."

"లేస్తావా, మంచంతో సహా ఈడ్చుకుపోనా?"

చెయ్యి పట్టుకుని నడిపించి, బండిలో తన పక్కన కూర్చోబెట్టి, తలుపు దబ్బున వేసింది. పక్కింటి కుక్క లేచి మొరిగింది. లేస్తే లేవనీ అనుకుంది. మళ్లీ కూతురికి ఫోను కలిపి, మాట్లాడొద్దన్నట్టు మొగుడి మోకాలు నొక్కింది.

"మళ్లీ ఏంటమ్మా? ఇంకా తిట్టాలా?" డిగ్నా గొంతు బొంగురుపోయి ఉంది.

"తిట్టను. ఇందాక నేనేమన్నానో ఒకసారి చెప్పు."

"ఎందుకు?"

"చెప్పవే!"

"ఏమన్నావు! ఆయన మూటా అన్నావు. భారమే, నా భారం నేను మోసుకుంటా, నువ్వెవరు అన్నావు. రోజూ మొదటి చీపా విరిచి ఆయన చేతిలో పెడితే ఉప్పు సరిపోయిందో లేదో చెప్పాల్సింది ఆయనే అన్నావు. ఆయన లేని ఇంట్లో ఎవరి కోసం తెల్లారుజామున లేవాలే అని అరిచావు. ఆయన్ని తీసుకుపోవాలంటే ముందు నన్ను పూడ్చిపెట్టి తీసుకుపో అన్నావు. అప్పట్నుంచీ ఏడుస్తూనే ఉన్నా, చాలా?"

యులాలియో సంచి మీద చేతులు పెట్టుకుని ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు.

"డిగ్నా... నేనమ్మా."

"నాన్నా? నువ్వు... విన్నావా?"

"ముందు నీ మాటలు విన్నా. మీ అమ్మ మాటలు ఇప్పుడు విన్నా."

"నిన్ను వేరు చెయ్యాలని కాదు నాన్నా! దేవుడి తోడు! అమ్మ రోడ్డు మీద, నువ్వు ఇంట్లో ఒక్కడివి... ఏ ఫోను మోగినా మీ ఇద్దరిలో ఎవరి కబురోనని నా గుండె ఆగిపోతోంది. అక్కడ నేను లేను కదా, నాకేం తెలుస్తుంది?"

"తెలుసమ్మా. నీది భయం. మాదీ అదే." యులాలియో కళ్లు ఒత్తుకున్నాడు. "ఇకనుంచి నేనూ బండిలో వస్తా. రోడ్డు చూడలేను గానీ, ఫోను మోగితే బదులు చెప్పగలను. డజన్లు లెక్కపెట్టగలను. ఆదివారం నువ్వు భోజనానికి రా."

"మరి అమ్మ చేతులు? నిజంగా రెండూ స్టీరింగు మీదే ఉంటాయా? నాకోసం ఊరికే అంటోందా?"

యులాలియో సంచి వదిలేసి చెయ్యి చాచాడు. తడుముకుంటూ స్టీరింగు అందుకుని, దాని వెంబడే నెమ్మదిగా వెళ్లాడు. ఒక చెయ్యి తగిలింది. ఇంకాస్త అవతలికి వెళ్లాడు. రెండోదీ తగిలింది. పిండి కలిపి కలిపి గరుకు తేలిన చెయ్యి అది.

"రెండూ ఉన్నాయి తల్లీ," అన్నాడు. తన చేతిని మాత్రం వెనక్కి తీసుకోలేదు.