గంజి పారబోసిన కుర్రాడు

"నా నిమ్మకాయ పాస్తాలో క్రీమా? ఆ డబ్బా తీసి అవతల పెట్టు ఫిలొమేనా!"

"వచ్చేది ఉత్తరాది బెర్గమో వాళ్ళు అత్తయ్యా. వాళ్ళకి పాస్తా చిక్కగా ఉండాలి. ఒక్క పూట మీ పంతం పక్కన పెడితే ఏం పోతుంది?"

"రుచి పోతుంది. చీజు, పాస్తా ఉడికిన గంజి కలిస్తే చాలు, దానంతటదే చిక్కబడుతుంది."

పొద్దున కాఫీ దగ్గర మొదలైన గొడవ, చర్చి నుంచి తిరిగొచ్చినా తెగలేదు. పళ్ళేలు సర్దుతున్న ఓర్నెల్లా ఓసారి అమ్మ వైపు, ఓసారి నానమ్మ వైపు చూస్తోంది. ఇంట్లో పెళ్ళి మాట నానమ్మ నోటి నుంచే రావాలి. నానమ్మ అసూంత మాత్రం ఓర్నెల్లా మనసిచ్చిన తిజియానోని ఇంకా పేరు పెట్టి పిలవడం లేదు. నిరుడు వానలో, సాలెర్నో వెళ్ళే పడవలో, ఓర్నెల్లా నిమ్మకాయల బుట్టని కుర్చీ అనుకుని కూర్చున్నాడతను. నానమ్మకి అతనెప్పుడూ "బుట్ట మీద కూర్చున్నవాడే".

తిజియానో తన తల్లి బియాంకాతో వచ్చాడు. వచ్చీరాగానే చొక్కా చేతులు మడిచాడు.

"నేనూ సాయం చేస్తాను బామ్మగారూ!"

ఎవరైనా ఆపేలోపు పొయ్యి మీది గిన్నె ఎత్తి, చిల్లుల గిన్నెలోకి వంచేశాడు. గంజంతా బుడబుడమంటూ తూములోకి పోయింది.

అందరి కళ్ళూ తూము మీదే.

"ఏమైంది?" అన్నాడతను, ఆవిరిలోంచి.

"ఏం కాలేదు. మా సాస్ సముద్రంలో కలిసింది, అంతే," అన్నాడు ఓర్నెల్లా తండ్రి సబాతో.

ఫిలొమేనా మెల్లగా క్రీమ్ డబ్బా అందుకుని బియాంకా వైపు తిరిగింది. "పోనీలెండి వదినగారూ, ఇది ఉందిగా."

నానమ్మ కుర్చీ వెనక్కి జరిపింది. ఆవిడ బల్ల దగ్గర నుంచి లేచిపోతే ఇక ఈ సంబంధం మాట ఎవరూ ఎత్తరని ఓర్నెల్లాకి తెలుసు. ఆమె తిజియానో వైపు చూసింది. అతను ఆ చూపు చూశాడు, నానమ్మ కుర్చీనీ చూశాడు.

"వద్దండీ," అంటూ డబ్బా మూత మీద చెయ్యి పెట్టాడు. "ఈ పాస్తా నేను నూనె వేసుకుని తినేస్తాను. మీకు మళ్ళీ ఉడికిస్తాను. ఎలాగో చెప్పండి బామ్మగారూ."

"ఆకలితో చంపుతావా మమ్మల్ని?" అంది నానమ్మ.

"వాడు చంపడు పెద్దమ్మా, నేను చంపుతాను వాణ్ణి," అంది బియాంకా. అందరూ నవ్వేశారు.

నానమ్మ లేచింది. కానీ పొయ్యి వైపు నడిచింది.

"తొక్క పసుపు వరకే తురుము. తెలుపు తగిలితే చేదు. అబ్బాయ్, నిమ్మకాయ కాస్త చూడు, దాన్ని కాదు!"

ఓర్నెల్లా సిగ్గుతో వెన్న వెతికే వంకన అల్మారాలో తల దూర్చింది.

ఈసారి అతను గరిటెతో గంజి తీసి పక్కన పెట్టుకున్నాడు, పసిబిడ్డని పట్టుకున్నంత జాగ్రత్తగా. వెన్న, చీజు, నిమ్మరసం, గంజి. తిప్పుతుంటే పాస్తా పట్టులా మెరిసింది. బియాంకా రెండోసారి వడ్డించుకుంది. క్రీమ్ సంగతి ఫిలొమేనా కూడా మర్చిపోయింది.

నానమ్మ రొట్టెముక్కతో పళ్ళెం శుభ్రంగా తుడుచుకుని, నోట్లో పెట్టుకుని, నమిలి మింగింది.

"పెళ్ళి మే నెలలో, నిమ్మ పూసినప్పుడు," అంది నెమ్మదిగా, ఉప్పు అందుకోమన్నంత మామూలుగా. "ఆ రోజు మాత్రం తిజియానో చేతికి గిన్నె ఇవ్వకండి."