ఎర్రబండి ఆయిల్ పాన్

ఆదివారం ఉదయం 10.42.

రేస్ ట్రాక్ మూడో మలుపులో ఎర్ర స్పోర్ట్స్ కారు టైర్ల గోడను గుద్దుకుని ఆగింది. డ్రైవర్ బ్రేక్ తొక్కలేదు. అయినా వెనక చక్రాలు రెండూ బిగుసుకుపోయి, మలుపు పొడవునా రెండు నల్లచారలు గీశాయి.

లోపల ఉన్నది ఆ కారు ఓనర్, ఒక పళ్ళ డాక్టర్. వారమంతా జనం నోళ్ళలో తల దూర్చి, ఆదివారం మాత్రం హెల్మెట్‌లో తల దూర్చే మనిషి. కుడికాలు రెండుచోట్ల విరిగింది. పక్కటెముకలు మూడు పోయాయి. స్ట్రెచర్ మీద ఒకే ఒక్క మాట అన్నాడు.

"ఇంజిన్ పట్టేసింది."

రెండు రోజుల ముందే ఆ ఇంజిన్ అడుగున ఆయిల్ నిలవుండే తొట్టిని, ఆయిల్ పాన్‌ని, కొత్తది వేశారు. వేసినవాణ్ణి సాయంత్రానికల్లా స్టేషన్లో కూర్చోబెట్టారు. గ్యారేజ్ ఓనర్‌కి అల్లుడతను. అక్కడికి వచ్చే కస్టమర్లందరికీ కూడా అల్లుడే. ఆ పిలుపు అలా స్థిరపడిపోయింది.

సోమవారం ఉదయం 9.05కి ఇన్‌స్పెక్టర్ గ్యారేజ్‌లో అడుగుపెట్టింది.

రూల్ ప్రకారం ఆమె ఈ కేసు ముట్టుకోకూడదు. గ్యారేజ్ ఆమె బాబాయిది. ఏడో ఏట తల్లీతండ్రీ పోతే, తెచ్చి కన్నకూతురితో సమానంగా పెంచిన బాబాయి. ఆ రోజుల్లో ఆమె స్కూలు నుంచి రాగానే పుస్తకాల సంచి ఒక మూల పడేసి స్పానర్ పట్టుకునేది. నిన్న సాయంత్రం ఆయనే ఫోన్ చేశాడు. "నువ్వే వచ్చి చూడు తల్లీ. పరాయివాళ్ళ చేతిలో పడితే అల్లుణ్ణి నమిలి పారేస్తారు" అన్నాడు. ఆ గొంతు విన్నాక ఆమెకు రూలు గుర్తుకు రాలేదు. రికార్డు ఎస్సై రాస్తాడు, తను ఊరికే చూసి వస్తుందని మనసుకు సర్దిచెప్పుకుంది.

చూసి రావడం అంత తేలిక కాదని ఆమెకూ తెలుసు. నిర్లక్ష్యం రుజువైతే మరిది జైలుకు పోతాడు. తిరిగి వచ్చాక అతని చేతికి స్పానర్ ఇచ్చే మనిషి ఉండడు. అతని భార్య, బాబాయి కూతురు, తనకు చెల్లెలే. రాత్రంతా ఫోన్లో ఒకటే ఏడుపు.

కారు లిఫ్ట్ మీద ఉంది. ముందుభాగం నుజ్జు. అడుగు మాత్రం చెక్కుచెదరలేదు.

"కంపెనీ పాన్ ఉండగా ఇదెందుకు?" వెంట వచ్చిన ఎస్సై అడిగాడు.

"కంపెనీ పాన్‌లో అయిదు లీటర్లే పడుతుంది సార్" అన్నాడు బాబాయి. "ట్రాక్ మీద స్పీడుగా మలుపు తిరిగితే ఆయిలంతా ఒక పక్కకి పోతుంది. పంపు గాలి పీలుస్తుంది. అందుకని బయట దొరికే లోతు పాన్ వేయించుకుంటారు. ఇది మూడు సెంటీమీటర్లు లోతెక్కువ. ఏడు లీటర్లు పడుతుంది."

"మరి ఆయిల్ పీల్చే పైపు అంత కిందకి అందుతుందా?"

"పాతది అందదు. నెమ్మదిగా పోతే ఆయిల్ దొరుకుతుంది గానీ, మలుపులో గాలే పీలుస్తుంది. పొడుగు పైపు పాన్‌తో పాటే ఇస్తారు. రెండూ కలిపి మార్చాలి."

9.40కి పాన్ కిందకు దిగింది. ముగ్గురూ తలెత్తి చూశారు.

ఇంజిన్ కింద పాత పొట్టి పైపే వేలాడుతోంది.

"అయ్యో అయ్యో" అని బాబాయి నుదురు కొట్టుకున్నాడు. "పైపు మార్చడం మర్చిపోయాడమ్మా! ఎన్నిసార్లు చెప్పానో, ఒకటికి రెండుసార్లు చూసుకోరా అని. కొంప ముంచాడు."

9.52కి పొడుగు పైపు కూడా దొరికింది. అలమరలో, అట్టపెట్టెలో, కవర్ చుట్టిపెట్టి ఉంది. ఇక అడగడానికి ఏముంది?

ఎస్సై మాత్రం పాన్ అంచు మీదకు వంగాడు. అంచు చుట్టూ బూడిదరంగు సీలెంట్ అణిగి ఎండిపోయింది.

"మేడమ్, ఈ సున్నాలేంటి? ప్రతి బోల్టు చుట్టూ ఉన్నాయి."

"సీలెంట్ అలాగే వేస్తారు" అంది ఆమె, చూసీ చూడనట్టు. "లీకవకుండా."

ఎస్సై ఫోటో తీసుకున్నాడు. ఆయనది కొత్త ఫోన్. కనిపించినదల్లా ఫోటో తీస్తున్నాడు ఈమధ్య.

11.20. స్టేషన్.

అల్లుడు బెంచీ చివర ఒదిగి కూర్చున్నాడు. కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

"డాక్టర్ గారికి ఎలా ఉంది వదినా?"

"బతుకుతాడు. అడిగినదానికి సమాధానం చెప్పు. పైపు మార్చావా?"

"మార్చాను."

"పాతదే ఉంది."

"ఉండదు."

"కళ్ళారా చూశాను."

అతను బెంచీ మీంచి లేచాడు. గబగబా చెప్పుకుపోయాడు. "మా పాప ఆడుకునే మైనం ఉంటుంది కదా, అది ముద్ద చేసి పాన్ అడుగున పెట్టాను. పాన్ బిగించాను. మళ్ళీ విప్పి మైనం ఎంత అణిగిందో కొలిచాను. పైపుకీ అడుగుకీ మధ్య సరిగ్గా సెంటీమీటరు గ్యాప్ వచ్చింది. పాత పైపైతే మైనానికి తగలనే తగలదు."

"ఆ మైనమేది?"

"పాపకి ఇచ్చేశాను. దాంతో ఏనుగు చేసింది."

ఆమెకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "పాన్ ఎప్పుడు మూశావ్?"

"శుక్రవారం నాలుగున్నరకి."

"ఎలా మూశావో మొదట్నించీ చెప్పు."

"అంచుకి అతుక్కున్న పాత గాస్కెట్ గీకేశాను. థిన్నర్‌తో తుడిచాను. బోల్టులకి లోపలి వైపు ఒకే గీతగా సీలెంట్ వేసి..."

ఆమె పెన్ను ఆగింది. "ఒకే గీతా?"

"పాన్‌తో వచ్చిన కాగితంలో అలాగే ఉంది వదినా. మావయ్యేమో బోల్టు బోల్టుకీ సున్నా చుడతారు. అలా చుడితే ఎక్కువైనది లోపలికి ఊడిపడి పైపుకి అడ్డం పడుతుందేమోనని నా భయం. ఆ ఒక్క విషయంలో మా ఇద్దరికీ పడదు."

"ఇంటికి ఎప్పుడెళ్ళావు?"

"అయిదుంబావుకి. సీలెంట్ ఆరడానికి ఎలాగూ ఒక రోజు పడుతుంది. పాప స్కూల్లో నాటకం ఉందని మావయ్యే పంపించారు. 'నువ్వెళ్ళిరా, షట్టర్ నేను వేస్తాలే' అన్నారు. శనివారం సాయంత్రం వచ్చి ఆయిల్ పోశాను, అంతే." ఒక్క క్షణం ఆగి అన్నాడు. "ఆయన చాలా మంచివారు వదినా. నావల్ల ఆయన పేరు పోయింది."

ఆ మాట వినగానే ఆమె పెన్ను మూసింది. లేచి వరండాలోకి వెళ్ళింది. ఎస్సైని పిలిచి ఫోటో అడిగింది.

పద్దెనిమిది బోల్టులు. పద్దెనిమిది సున్నాలు.

పొద్దున అవి ఆమె కంటికి ఆనలేదు. ఎలా ఆనుతాయి? తను వేసినా అలాగే వేస్తుంది. పదకొండేళ్ళప్పుడు బాబాయి తన వేళ్ళ మీద వేళ్ళు పెట్టి, ట్యూబు నొక్కించి నేర్పిన పద్ధతి అది. ఆ గ్యారేజ్‌లో అలా వేసేవాళ్ళు ఇద్దరే ఇద్దరు. అందులో ఒకామె ఖాకీ యూనిఫాం వేసుకుని ఈ వరండాలో నిలబడి ఉంది.

కాదులే అనుకుంది. ఇంకేదో కారణం ఉంటుంది అనుకుంది. పోలీసు బుర్ర ఒప్పుకోలేదు.

12.10కి అట్టపెట్టెలోని పొడుగు పైపును బయటకు తీయించింది. రెండు బోల్టులతో ఇంజిన్‌కు బిగించే పైపు అది. బోల్టు కూర్చునే ఒక్కో రంధ్రం చుట్టూ మెరుస్తూ ఒక గుండ్రటి గుర్తు. బోల్టు తల బిగిస్తే పడే గుర్తు అది. వాడకుండా మర్చిపోయిన పైపుకి ఆ గుర్తులెక్కడివి?

ఒకసారి బిగించారు. ఒకసారి విప్పారు. అల్లుడు అబద్ధం చెప్పలేదు.

1.15. ఆసుపత్రి.

డాక్టర్ మాట పీలగా ఉంది.

"ఆయిల్ ప్రెషర్ లైటు వెలగలేదా?" ఆమె అడిగింది.

"మలుపులో వెలిగింది. ఏమిటా అని చూసేలోపే ఇంజిన్ పట్టేసింది."

"గ్యారేజ్‌లో ఎవరితోనైనా మాటామాటా వచ్చిందా?"

"లేదే. నేను రేసింగ్ టీమ్ పెడుతున్నాను. హెడ్ మెకానిక్‌గా వచ్చెయ్యమని గురువారం అల్లుణ్ణి అడిగాను. పెద్దాయన ముందే. 'మీ చెయ్యి ముసలిదైపోయింది పెద్దాయనా, ఇక నా బండి మీద అల్లుడి చెయ్యే పడాలి' అన్నాను. సరదాకే అన్నాను."

"ఆయనేమన్నాడు?"

"నవ్వాడు. టీ తెప్పించాడు."

నర్సు ఇక చాలంది. ఇన్‌స్పెక్టర్‌కి కూడా చాలు.

3.30. గ్యారేజ్.

ఎస్సై అల్లుణ్ణి వెంటబెట్టుకొచ్చాడు. చెల్లెలు ఆటో దిగి పరుగున వచ్చి గుమ్మంలో నిలబడింది. బల్ల మీద పాత కంపెనీ పాన్, దాని పక్కన కొత్త సీలెంట్ ట్యూబు ఉన్నాయి.

"పాన్ ఎలా మూస్తారో ఎస్సై గారు రికార్డులో రాసుకోవాలట" అంది ఆమె. "నువ్వు వెయ్యి అల్లుడూ."

అల్లుడు వేశాడు. బోల్టు రంధ్రాలకు లోపలి వైపు, సన్నగా, ఒకే గీత.

బాబాయి చూస్తూ ఊరుకోలేకపోయాడు. "ఇదేం పనిరా? తుడిచెయ్. ఇటివ్వు ఆ ట్యూబు."

ఆమె వద్దనలేదు. వద్దంటే బాగుండునని అనిపించింది, అయినా అనలేదు.

ఆయన చొక్కా చేతులు పైకి మడిచాడు. రంధ్రం చుట్టూ ఒక సున్నా, అక్కడి నుంచి గీత, మళ్ళీ సున్నా. అరవై రెండేళ్ళ చెయ్యి ఎక్కడా వణకలేదు. అంచు చుట్టూ తిరిగొచ్చి ట్యూబు పక్కన పెట్టి, ఎస్సై వంక గర్వంగా చూశాడు.

"చూశారా సార్. పనంటే ఇదీ."

ఎస్సై ఫోన్ తీసి పొద్దున తీసిన ఫోటో తెరిచి పాన్ పక్కన పెట్టాడు.

బాబాయి ఫోటో చూశాడు. ఇప్పుడు తను వేసిన సున్నాలు చూశాడు.

"అల్లుడు శుక్రవారం నాలుగున్నరకి ఒకే గీత వేసి మూశాడు" అంది ఆమె. "అయిదుంబావుకి నువ్వు అతన్ని ఇంటికి పంపించావు. సీలెంట్ ఇంకా పచ్చిగానే ఉంది. పాన్ దింపి, పొడుగు పైపు విప్పి, పొట్టిది బిగించావు. అతని గీత తుడిచేసి నీ పద్ధతిలో మళ్ళీ వేశావు. పొడుగు పైపుని పెట్టెలో పెట్టి, మర్చిపోయినట్టు అలమరలో పెట్టావు. దాని మీద బోల్టు గుర్తులున్నాయి బాబాయ్."

"నువ్వూ అలాగే వేస్తావు కదే!"

"వేస్తాను. శుక్రవారం సాయంత్రం నేను స్టేషన్లో ఉన్నాను."

ఆయన స్టూలు మీద కూలబడ్డాడు.

"బండి పోతుందనుకున్నాను. మనిషికి ఏమీ కాదనుకున్నాను" అన్నాడు చివరికి. "లైటు వెలగ్గానే ఆపేస్తాడు, ఇంజిన్ పాడవుతుంది, వీడి పేరు పోతుంది, అంతే అనుకున్నాను. ముప్పై రెండేళ్ళు చేశానమ్మా ఈ పని. ఇప్పుడు గేట్లోకి వచ్చే ప్రతివాడూ 'అల్లుడున్నాడా' అంటాడు. నేను ఎదురుగా నిలబడి ఉంటాను, నన్ను దాటి లోపలికి చూస్తాడు."

అల్లుడు ఆయన ముందు నిలబడ్డాడు. కోపం ఇంకా అతని దాకా రాలేదు.

"నేను రానన్నాను మావయ్యా. గురువారం సాయంత్రమే డాక్టర్ గారికి ఫోన్ చేసి చెప్పేశాను. మా మావయ్యని వదిలి రాను అని."

ఆయన తలెత్తలేదు. చెల్లెలు వచ్చి తండ్రిని దాటుకుని వెళ్ళి, భర్త చెయ్యి పట్టుకుని బయటకు తీసుకెళ్ళింది. వెనక్కి తిరిగి కూడా చూడలేదు.

ఇన్‌స్పెక్టర్ ఆయన ఎదురుగా ఇంకో స్టూలు లాక్కుని కూర్చుంది. ఒళ్ళంతా మండిపోతోంది. ఆ మంట కింద ఏడుపు ఉంది. అది ఈయన ముందు రాకూడదు.

"నన్నెందుకు పిలిచావు బాబాయ్?"

ఆయన సీలెంట్ ట్యూబు అందుకుని మూత బిగించాడు.

"అల్లుణ్ణి కాపాడతాననా? కాదు. వేరేవాళ్ళొస్తే అన్నీ విప్పి అడుగుతారు. నేనైతే నీ పని చూసి, సరిగ్గానే ఉందని ముందుకి పోతాను. పోయాను కూడా. ఎస్సై అడిగితే అలాగే వేస్తారన్నాను. నా నోటితోనే వాణ్ణి జైలుకి పంపిద్దామనుకున్నావు."

"తల్లీ..."

"అలా పిలవకు."

ఆయన గొంతు తగ్గించాడు. "సున్నాలు చూసి ఎవరూ శిక్ష వెయ్యరమ్మా. అది నా పద్ధతని వీడు చెబితే తప్పించుకోడానికంటారు, నువ్వు చెబితేనే నమ్ముతారు. నువ్వు మాట్లాడకపోతే చాలు. నిన్ను పెంచాను కదే."

"పెంచావు. అందుకే కదా ఇంత దగ్గరున్నా నాకు కనపడలేదు."

ఆమె లేచింది. టోపీ తీసి చంకలో పెట్టుకుంది. "ఎస్సై గారూ, ఇక్కణ్ణుంచి ఈ కేసు నాది కాదు. పై ఆఫీసర్‌కి నేనే ఫోన్ చేస్తాను. ముందు నా వాంగ్మూలం తీసుకోండి. నేను సాక్షిని."

ఎస్సై తటపటాయిస్తూనే ఫారం తీశాడు. సాక్షి వృత్తి రాసుకున్నాడు. టైము 4.10 అని రాశాడు. తర్వాతి గడి దగ్గర పెన్ను ఆగిపోయింది.

"మేడమ్... ముద్దాయికి మీరేమవుతారు?"

స్టూలు మీద ముసలాయన మొదటిసారి తలెత్తి ఆమె కళ్ళలోకి చూశాడు.

"కూతుర్ని" అంది ఆమె. "అలాగే రాయండి."